ఐరన్ మాత్రలకి లొంగని రక్తహీనత: ఒక సీలియాక్ కేసు, దాని వెంట వచ్చిన రిస్క్ ప్రశ్నలు

సీలియాక్ అంటే గోధుమల్లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగునే దెబ్బతీసే జబ్బు. పేషెంట్ వయసు 34, ఐదు నెలల పాప తల్లి, బీఎంఐ 24. అంటే చూడ్డానికి బక్కగా ఏమీ లేరు, మొదట్నుంచీ అందర్నీ పక్కదారి పట్టించింది అదే. నాలుగేళ్ళుగా రక్తహీనత. మా దగ్గరికొచ్చేసరికి హీమోగ్లోబిన్ 8.9, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 5, ఎంసీవీ (ఎర్రకణం సైజు) 71, అన్నీ తక్కువే. ఐరన్ మాత్రలు వేసుకున్నన్నాళ్ళూ ఓ పాయింటు పెరగడం, ఆపగానే మళ్ళీ మామూలే. పెళ్ళికి ముందు పీరియడ్స్ వల్ల అన్నారట, కడుపుతో ఉన్నప్పుడు ప్రెగ్నెన్సీ వల్ల అన్నారట, ఇప్పుడేమో డెలివరీ వల్ల అంటున్నారట. పొట్ట ఉబ్బరానికి ఐబీఎస్ (పేగు దెబ్బతినకుండానే పొట్టలో ఇబ్బంది పెట్టే సమస్య) అని పేరు పెట్టారు, నోట్లో తరచూ వచ్చే పుళ్ళు స్ట్రెస్ ఖాతాలో పడ్డాయి, జుట్టు ఊడడం మళ్ళీ డెలివరీ ఖాతాలోనే. ఇంకోటి, హైపోథైరాయిడ్ ఉంది, లీవోథైరాక్సిన్ డోసు పెంచుకుంటూ పోయి 150 మైక్రోగ్రాముల దగ్గర ఆగారు, 60 కిలోల మనిషికి అది కాస్త ఎక్కువే. ఒక్కొక్కటి విడిగా చూస్తే దేనికదే మామూలు విషయం. కానీ మింగిన ఐరన్ ఒంటికి పట్టట్లేదు, మింగిన థైరాయిడ్ మాత్ర కూడా పూర్తిగా పట్టట్లేదు అని రెండూ పక్కపక్కన పెట్టుకుంటే అనుమానం చిన్నపేగు మీదకి పోవాలి. మా గ్యాస్ట్రో డాక్టరు గారికి పోయింది. నేను ఆ టీమ్‌లో డైటీషియన్‌ని, కాబట్టి ఈ కేసు రాసేది కూడా ఆ వైపు నుంచే, డయాగ్నోసిస్ భాగం కన్నా ఆ తర్వాత ప్లేట్లో ఏం జరిగిందన్నదే ఎక్కువుంటుంది. పేషెంట్‌ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

చిక్కు ఏంటంటే ఆవిడ మా దగ్గరికి రావడానికి దాదాపు మూడు నెలల ముందే ఎక్కడో వీడియో చూసి గోధుమలు చాలావరకు తగ్గించేశారు. పూర్తిగా మానలేదు, వారంలో ఒకట్రెండు సార్లు తింటున్నారు. ఉబ్బరం తగ్గింది కూడా, దాంతో "నాకు గ్లూటెన్ పడదని నాకే తెలిసిపోయిందండీ, ఇంక టెస్టులెందుకు?" అన్నారు. ఇది దాదాపు ప్రతి వారం వినే మాట. గోధుమలు మానితే ఉబ్బరం తగ్గడం సీలియాక్‌కి రుజువు కాదు, గోధుమల్లో గ్లూటెన్‌తో పాటు ఫ్రక్టాన్లనే పులిసే పిండిపదార్థాలు కూడా ఉంటాయి, ఐబీఎస్ ఉన్నవాళ్ళకి అవి పడకపోవచ్చు. రెండింటికీ తేడా చిన్నది కాదు. సీలియాక్‌లో జీవితాంతం గ్లూటెన్ చిటికెడు కూడా తినకూడదు, పేగు పాడవుతుంది, ఎముకలు పాడవుతాయి, పిల్లల్నీ తోబుట్టువుల్నీ పరీక్ష చేయించాలి. రెండోదాంట్లో ఒంటికి పడినంత తినొచ్చు.

రక్తపరీక్షలో సీలియాక్‌లో పెరిగే టీటీజీ-ఐజీఏ అనే యాంటీబాడీ 14 వచ్చింది, ఆ ల్యాబ్‌లో నార్మల్ 10 లోపు. మొత్తం ఐజీఏ (యాంటీబాడీల్లో ఒక రకం) నార్మల్. ఈ రెండోది తప్పనిసరిగా చూడాలి, ఎందుకంటే సీలియాక్ ఉన్నవాళ్ళలో 2 నుంచి 3 శాతం మందికి ఐజీఏ అసలు తయారవ్వదు, వాళ్ళలో టీటీజీ-ఐజీఏ నెగటివ్ వచ్చినా దానికి అర్థం లేదు, ఐజీజీ రకం టెస్టులు చేయాలి. సరే, 14 అంటే ఏమనాలి? మామూలుగా గోధుమలు తింటున్న మనిషికి ఇది బోర్డర్‌లైన్. మూడు నెలలు తగ్గించేసి తింటున్న మనిషికి మాత్రం పడిపోతూ పడిపోతూ 14 దగ్గరున్న నంబర్ అయ్యుండొచ్చు. తెలుసుకోవాలంటే మళ్ళీ గ్లూటెన్ తినిపించి చూడాలి, అంటే గ్లూటెన్ ఛాలెంజ్. చంటిపిల్లతో, రక్తహీనతతో ఉన్న మనిషిని ఊరికే అంత ఇబ్బంది పెట్టడం ఎందుకని ముందు హెచ్ఎల్ఏ అనే జన్యు టెస్టు చేయించారు. హెచ్ఎల్ఏకి పనికొచ్చే చోటు ఇదే, జబ్బు ఉందని చెప్పడానికి కాదు, లేదని చెప్పడానికి. తిండితో సంబంధం లేని టెస్టు కాబట్టి గోధుమలు మానేసినవాళ్ళలో కూడా పనిచేస్తుంది.

హెచ్ఎల్ఏ-డీక్యూ2, డీక్యూ8 అనేవి గేటు పాసు లాంటివి, పాసు లేకుండా లోపలికి పోలేరు, పాసున్నంత మాత్రాన అందరూ పోరు. జనాభాలో 30 నుంచి 40 శాతం మంది దగ్గర ఈ రెండిట్లో ఏదో ఒకటుంటుంది, వాళ్ళలో సీలియాక్ వచ్చేది సుమారు 3 శాతం మందికే. రెండూ లేకపోతే మాత్రం సీలియాక్ దాదాపు లేనట్టే. ఈవిడకి డీక్యూ2.5 (డీక్యూ2లో ఒక రకం) వచ్చింది, అది కూడా రెండు కాపీలు, తల్లి వైపు ఒకటి తండ్రి వైపు ఒకటి. దీనివల్ల రెండు సంగతులు తేలాయి, ఒకటి ఛాలెంజ్ తప్పదు, రెండోది పాపకి ఒక కాపీ ఖచ్చితంగా వచ్చుంటుంది. రెండోదాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఛాలెంజ్ అంటే భయపడతారు కానీ లెక్క చూస్తే అంత పెద్దది కాదు. రోజుకి కనీసం 3 గ్రాముల గ్లూటెన్, కనీసం రెండు వారాలు, తట్టుకోగలిగితే ఎనిమిది వారాల దాకా. మామూలు బ్రెడ్డు ముక్క ఒకదాంట్లో సుమారు 2 గ్రాములు ఉంటుంది. ఈవిడ రోజుకి రెండుమూడు ముక్కల లెక్కన ఆరు వారాలు తిన్నారు, మొదటి పది రోజులు ఉబ్బరంతో బాగా ఇబ్బంది పడ్డారు, తర్వాత ఆశ్చర్యంగా కాస్త సర్దుకుంది. టీటీజీ 86కి ఎగబాకింది, ఈఎంఏ అనే ఇంకో సీలియాక్ యాంటీబాడీ కూడా పాజిటివ్. ఎండోస్కోపీలో డుయోడినం (చిన్నపేగు మొదలు) మొదటి భాగం నుంచి రెండు ముక్కలు, కింది భాగం నుంచి నాలుగు తీశారు, పేగు దెబ్బ అక్కడక్కడా మచ్చల్లా ఉంటుంది కాబట్టి ఒకట్రెండు ముక్కలతో సరిపెట్టకూడదు. రిపోర్టు మార్ష్ 3బి, మార్ష్ అనేది పేగు దెబ్బకి వేసే గ్రేడు, 3బి అంటే పేగు లోపల తిండిని పీల్చుకునే వేళ్ళలాంటి విల్లైలు చాలావరకు చదునైపోయాయి.

పిల్లల్లో ఐతే బయాప్సీ లేకుండా కూడా తేల్చొచ్చని యూరప్ పిల్లల గ్యాస్ట్రో సంఘం ఎస్పెగాన్ 2020లో స్పష్టంగా చెప్పింది, టీటీజీ నార్మల్ హద్దుకి పది రెట్లు దాటి, రెండో శాంపిల్‌లో ఈఎంఏ కూడా పాజిటివ్ ఐతే చాలు. ఈవిడ పెద్దావిడ, పైగా పది రెట్లు దాటలేదు, కాబట్టి బయాప్సీ అవసరమైంది. నా అభిప్రాయం అడిగితే పెద్దవాళ్ళలో మొదట్లో ఒక బయాప్సీ చేతిలో ఉండడమే మంచిది, రెండేళ్ళ తర్వాత యాంటీబాడీలు తగ్గక అయోమయంలో పడ్డప్పుడు పోల్చి చూసుకోడానికి ఒక మొదలంటూ ఉంటుంది.

రిపోర్టు వచ్చిన రోజు ఆవిడ తన తిండి గురించి అడగలేదు. "నా వల్ల పాపకి కూడా వస్తుందా మేడం? గోధుమలు అసలు అలవాటే చేయకపోతే రాదు కదా?" అన్నారు. రిస్క్ మీద జరిగిన రీసెర్చ్ అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఇది ఎలా వస్తుందో క్లుప్తంగా. గోధుమ గ్లూటెన్‌లో భాగమైన గ్లయాడిన్‌ని మన ఎంజైములు పూర్తిగా కోయలేవు, 33 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి చెక్కుచెదరకుండా మిగిలిపోతుందని 2002లో తేలింది. ఇది అందరిలోనూ జరిగేదే. ఆ ముక్క పేగు గోడలోకి వెళ్ళాక టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైమ్ దాన్ని కొంచెం మారుస్తుంది, మారిన ముక్క డీక్యూ2కి గట్టిగా అతుక్కుంటుంది, రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు దాన్ని శత్రువనుకుని పేగు మీదే దాడి మొదలుపెడతాయి. మనం రక్తంలో కొలిచే టీటీజీ యాంటీబాడీ ఆ ఎంజైమ్ మీద తయారయ్యేదే, ఆ సంగతి 1997లో బయటపడింది. మరి పాసున్న వంద మందిలో ముగ్గురికే ఎందుకు? ప్రశ్న అక్కడుంది.

గ్లూటెన్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చాలా ఏళ్ళు నలిగిన వాదన. 4 నుంచి 6 నెలల మధ్య కొంచెం కొంచెం పెడితే రాదని ఒక నమ్మకం ఉండేది. 2014లో రెండు ట్రయల్స్ ఒకేసారి వచ్చి దాన్ని పడగొట్టాయి. ప్రివెంట్‌సీడీ అనే యూరప్ ట్రయల్‌లో కుటుంబంలో సీలియాక్ ఉన్న 944 మంది పిల్లల్లో సగం మందికి నాలుగో నెల నుంచి రోజూ 100 మిల్లీగ్రాముల గ్లూటెన్, మిగతావాళ్ళకి ఉత్తి పొడి ఇచ్చారు, మూడేళ్ళకి చూస్తే తేడా లేదు. ఇటలీ వాళ్ళు ఒక గుంపుకి 6 నెలలకి, ఇంకో గుంపుకి 12 నెలలకి మొదలుపెట్టారు, ఆలస్యం చేసినవాళ్ళకి జబ్బు కాస్త ఆలస్యంగా వచ్చింది తప్ప ఐదేళ్ళకల్లా లెక్క దాదాపు ఒకటే అయ్యింది. తల్లిపాలు ఎంతకాలం ఇచ్చారన్నది కూడా రెండిట్లోనూ కాపాడలేదు. తల్లిపాలు మంచివే, వేరే వంద కారణాలకి, కానీ సీలియాక్ వచ్చిన పిల్లల తల్లులు "నేను ఎక్కువ కాలం పాలివ్వలేదు, అందుకే" అని కుమిలిపోవడానికి ఆధారం లేదు.

ఆ తర్వాత చూపు టైమింగ్ నుంచి పరిమాణం మీదకి మళ్ళింది. టెడ్డీ అనే పెద్ద స్టడీ అమెరికా, స్వీడన్, ఫిన్లాండ్, జర్మనీల్లో రిస్క్ జన్యువులున్న పిల్లల్ని పుట్టినప్పట్నుంచి చూస్తూ వచ్చింది. 2019లో వాళ్ళు 6605 మంది పిల్లల తిండి లెక్కలు ప్రచురించారు, మొదటి ఐదేళ్ళలో రోజుకి అదనంగా తిన్న ప్రతి 1 గ్రాము గ్లూటెన్‌కి సీలియాక్ రిస్క్ సుమారు 50 శాతం ఎక్కువ కనిపించింది, ఒక గ్రాము అంటే సగం బ్రెడ్డు ముక్క. ఇది గట్టి సంకేతమే కానీ గమనించి చూసిన స్టడీ, ట్రయల్ కాదు. మళ్ళీ దానికి ఎదురుగా ఈట్ అనే బ్రిటన్ ట్రయల్, 2020లో వచ్చింది, అందులో నాలుగో నెల నుంచే గోధుమ బాగానే పెట్టిన 488 మందిలో మూడేళ్ళకి ఒక్కరికీ సీలియాక్ లేదు, మామూలుగా మొదలుపెట్టిన 516 మందిలో ఏడుగురికి వచ్చింది. ఏడు అనేది చిన్న సంఖ్య, దాని మీద ఇల్లు కట్టలేం. పైగా వీళ్ళు మామూలు జనాభా పిల్లలు, రిస్క్ జన్యువులు చూసి ఏరినవాళ్ళు కారు. ఈ రెండిట్లో ఏదో ఒకటి ఎత్తిచూపించి "తేలిపోయింది" అనేవాళ్ళని నేను నమ్మను.

ఇంకోవైపు వైరస్‌లు. నార్వేలో చిన్నపిల్లల మలం శాంపిళ్ళు నెలనెలా దాచిపెట్టి తర్వాత వెనక్కి వెళ్ళి చూశారు, 2019లో వచ్చిన పేపర్, సీలియాక్ వచ్చిన పిల్లల్లో యాంటీబాడీలు రాకముందు ఎంటెరోవైరస్ ఎక్కువగా కనిపించింది, అడినోవైరస్ విషయంలో అలాంటి తేడా లేదు. 2017లో ఎలుకల మీద చేసిన పనిలో మనకి పెద్దగా లక్షణాలే తెప్పించని రియోవైరస్ కూడా గ్లూటెన్ మీద సహనం పోయేలా చేయగలదని తేలింది. టెడ్డీ వాళ్ళు రెండూ కలిపి చూస్తే ఎంటెరోవైరస్‌తో పాటు గ్లూటెన్ ఎక్కువ తిన్న పిల్లల్లో రిస్క్ ఇంకా ఎక్కువ. నాకు వీటన్నిటిలో మనసుకి పట్టింది ఇదే, ఎందుకంటే జన్యువు, తిండి, ఇన్ఫెక్షన్ విడివిడిగా కాకుండా ఒకే సమయంలో కలిసినప్పుడు ఏదో జరుగుతుందన్నది ఎక్కడా అడ్డం తిరగని వివరణ. యాంటీబయోటిక్స్ గురించి డెన్మార్క్, నార్వే రిజిస్ట్రీల్లో చిన్న సంబంధం కనిపించింది, కానీ ఇన్ఫెక్షన్ వచ్చినందుకే కదా యాంటీబయోటిక్ వాడతారు, ఏది కారణమో విడదీయడం కష్టం.

కాబట్టి ఆవిడకి చెప్పింది ఇది. దగ్గరి రక్తసంబంధీకుల్లో (తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు) సుమారు పదిమందిలో ఒకరికి సీలియాక్ ఉండొచ్చు, పిల్లల్లో జన్యు కాపీల్ని బట్టి మారుతుంది. టెడ్డీలో డీక్యూ2 రెండు కాపీలున్న పిల్లల్లో ఐదేళ్ళకి 26 శాతం మందికి యాంటీబాడీలు, 11 శాతం మందికి జబ్బు వచ్చాయి, ఒక డీక్యూ2 ఒక డీక్యూ8 ఉన్నవాళ్ళలో 11, 3. మీకు రెండు కాపీలున్నాయి కాబట్టి పాపకి హెచ్ఎల్ఏ టెస్టు చేసి "ఇంక భయం లేదు" అని కొట్టేసే అవకాశం లేదు, ఒకటి ఎలాగూ ఉంది, తండ్రి వైపు నుంచి రెండోది వచ్చిందా లేదా అన్నదొక్కటే తేలాలి. గ్లూటెన్ 4 నుంచి 12 నెలల మధ్య ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు, మొదటి వారాల్లో, మొదటి ఏడాదిలో పెద్ద పెద్ద మోతాదులు వద్దు, ఇది ఎస్పెగాన్ సలహా. అసలు పెట్టకుండా దాచడం వల్ల లాభం లేకపోగా పరీక్ష చేసినప్పుడు ఏమీ తేలదు, మీ విషయంలో జరిగినట్టే. మీరు గ్లూటెన్ మానాల్సింది మీ జబ్బు కోసం, పాలు తాగే పాప కోసం కాదు.

ఇక తిండి.

మొదటిసారి కూర్చున్నప్పుడు నేను జాబితాలు ఇవ్వను, ఇస్తే వాళ్ళు వద్దన్నవాటి జాబితా ఒక్కటే చదువుతారు. గోధుమ, బార్లీ, రై, ఈ మూడూ, వీటి నుంచి వచ్చే రవ్వ, మైదా, మాల్ట్ అన్నీ బంద్. తర్వాత సంఖ్యలు చెప్పాను, ఎందుకంటే "కొంచెం తింటే ఏమవుతుంది" అనే ప్రశ్నకి సంఖ్యే జవాబు. 2007లో ఇటలీలో చేసిన ట్రయల్‌లో రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తిన్నవాళ్ళ పేగు దెబ్బతింది. ఒక బ్రెడ్డు ముక్కని నలభై భాగాలు చేస్తే ఒక భాగం 50 మిల్లీగ్రాములు. టోస్టర్‌లో అడుగున రాలే పొడి చాలు. రోజుకి 10 మిల్లీగ్రాముల లోపు చాలామందికి సురక్షితం, "గ్లూటెన్ ఫ్రీ" లేబుల్‌కి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన 20 పీపీఎం (కిలోకి 20 మిల్లీగ్రాములు) హద్దు లెక్క ప్రకారం అలాంటి తిండి అరకిలో తిన్నా 10 మిల్లీగ్రాములు దాటదు. ఇలా చెప్తే ఇంట్లోవాళ్ళు కూడా జోక్ అనుకోవడం మానేస్తారు. పాలు తాగితే ఉబ్బరం వస్తోందన్నారు, పేగు దెబ్బతిన్నప్పుడు పాలలోని చక్కెర లాక్టోజ్‌ని అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ కూడా తగ్గుతుంది, అందుకని మొదటి మూడు నెలలు లాక్టోజ్ తక్కువున్నవి ఇచ్చి తర్వాత మళ్ళీ పాలు పెట్టాం, ఇబ్బంది లేదు. ఎముకల స్కాన్‌లో టీ-స్కోర్ మైనస్ 1.8, అంటే ఎముకలు పలచబడ్డాయి, విటమిన్ డి కూడా తక్కువే, 13, రెండిటికీ వెంటనే మందులు మొదలయ్యాయి.

ఆరు నెలలకి వచ్చినప్పుడు అందరూ సంతోషంగా ఉన్నారు. టీటీజీ 86 నుంచి 38కి దిగింది. నాలుగేళ్ళు పనిచేయని అదే ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటే హీమోగ్లోబిన్ 12.1కి వచ్చింది, ఫెర్రిటిన్ 18. థైరాయిడ్ మందు ఎక్కువైతే తగ్గే టీఎస్‌హెచ్ మాత్రం 0.2కి పడిపోయింది, గుండె దడ, చేతులు వణకడం, ఆవిడ అది గ్లూటెన్ ఎక్కడో తగిలిన రియాక్షన్ అనుకున్నారు. కాదు, పేగు కోలుకుని మాత్ర మొత్తం పీల్చుకుంటోంది, 150 ఇప్పుడు ఓవర్‌డోస్. డోసు 100కి తగ్గించారు. గ్లూటెన్ మానేసిన థైరాయిడ్ పేషెంట్లకి ఆరేడు వారాల్లోనే ఓసారి టీఎస్‌హెచ్ చూడాలి, ఆరు నెలలు ఆగక్కర్లేదు.

నేను మాత్రం ఆ రోజు సంతోషపడలేదు, ఎందుకంటే నా చేతిలో ఫుడ్ డైరీ ఉంది. బరువు ఐదు కిలోలు పెరిగింది. పీచు రోజుకి 11 గ్రాములు, కావాల్సింది 25. ఫోలేట్ తక్కువ. మూడు పూటలా తెల్ల బియ్యం, మధ్యలో గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్లు, గ్లూటెన్ ఫ్రీ కేకులు, గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్డు. రూల్ ప్రకారం ఒక్క తప్పూ లేదు, అదే సమస్య. గ్లూటెన్ అనేది పిండిని సాగేలా పట్టి ఉంచుతుంది, అది తీసేస్తే ఆ పని చేయడానికి బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, టాపియోకా స్టార్చ్, నూనె, చక్కెర, గమ్ములు కలుపుతారు. ప్రోటీన్ తగ్గుతుంది, పీచు తగ్గుతుంది, కొవ్వు పెరుగుతుంది. పైగా చాలా దేశాల్లో గోధుమ పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ విటమిన్లు కలుపుతారు, గ్లూటెన్ ఫ్రీ పిండిలో కలపడం అరుదు. అంటే రక్తహీనత ఉన్న మనిషి ఐరన్ కలిపిన పిండి మానేసి ఐరన్ లేని పిండికి మారారన్నమాట. పీల్చుకునే శక్తి తిరిగొచ్చిన పేగుకి కేకులు దొరికితే బరువు పెరక్క ఏం చేస్తుంది, గ్లూటెన్ మానేసిన తర్వాత ఫ్యాటీ లివర్ వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. సీలియాక్ డైట్‌ని "ఏం తీసేయాలి" అనే లెక్కలోనే చూసినంతకాలం ఇది జరుగుతూనే ఉంటుంది, తీసేసిన చోట ఏం పెట్టామన్నదాని మీదే నేను ఎక్కువ టైమ్ పెడతాను.

మార్చినవి పెద్దవేం కాదు. లేబుల్ ఉన్న ప్యాకెట్లని రోజూ నుంచి వారానికి రెండుసార్లకి తెచ్చాం. ధాన్యం ఒకటే కాకుండా జొన్నలు, రాగులు, కొర్రలు, కినోవా, బక్‌వీట్ మార్చిమార్చి. బియ్యం ఒక్కటే మూడు పూటలా తినడం వల్ల ఇంకో చిన్న ఇబ్బంది కూడా ఉంది, వరి నేలలోంచి ఆర్సెనిక్‌ని మిగతా ధాన్యాల కన్నా ఎక్కువ లాక్కుంటుంది, గ్లూటెన్ తినని వాళ్ళ మూత్రంలో ఆర్సెనిక్ ఎక్కువ ఉందని 2017లో అమెరికా సర్వే డేటా నుంచి వచ్చింది. దానివల్ల జబ్బులొచ్చాయని ఆ డేటా చెప్పలేదు, కాబట్టి భయపెట్టను, ధాన్యాలు మార్చమని మాత్రం అంటాను. ప్రతి పూటా పప్పుధాన్యాలు ఏదో ఒక రూపంలో, ఫోలేట్‌కీ పీచుకీ ఐరన్‌కీ మూడిటికీ అదే సమాధానం. ఐరన్ ఉన్న తిండితో పాటు నిమ్మకాయో జామకాయో, టీ కాఫీలు తిండికి దూరంగా. పీచు ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం మళ్ళీ వస్తుంది, అది చూసి గ్లూటెన్ తగిలిందని హడలిపోతారు, అందుకే వారానికి మూడు నాలుగు గ్రాముల చొప్పున.

ఏడాదికి ఫెర్రిటిన్ 34, ఫోలేట్ నార్మల్, బరువు మూడు కిలోలు తగ్గింది, పీచు 24. కానీ టీటీజీ 19 దగ్గర ఆగిపోయింది, అంతకు రెండు నెలల ముందు కూడా 19. దిగుతూ దిగుతూ ఆగింది అంటే ఎక్కడో కొంచెం గ్లూటెన్ వెళ్తోంది అని మొదట అనుకోవాలి, రిఫ్రాక్టరీ సీలియాక్ (డైట్‌కి లొంగని సీలియాక్) లాంటి పెద్ద మాటలు ఆ తర్వాత. మూత్రంలో గ్లూటెన్ పెప్టైడ్లు (అరక్కుండా మిగిలిన గ్లూటెన్ ముక్కలు) చూసే టెస్టు పాజిటివ్ వచ్చింది. ఆవిడ ఒప్పుకోలేదు, "ఒక్క ముక్క కూడా ముట్టలేదండీ" అని దాదాపు ఏడ్చారు, అది నిజమే. ఇంట్లో ప్యాకెట్లన్నీ ఫోటోలు తీసి పంపమన్నాను. పీచు పెంచుకోవడానికి ఆవిడంతట ఆవిడే మామూలు ఓట్స్ మొదలుపెట్టారు, ప్యాకెట్ మీద గోధుమ అని ఎక్కడా లేదు. ఓట్స్‌లో ఉండేది అవెనిన్ అనే వేరే ప్రోటీన్, చాలామంది సీలియాక్ పేషెంట్లకి అది ఇబ్బంది పెట్టదు, కొద్దిమందికి పెడుతుంది. కానీ మామూలు ఓట్స్ గోధుమ, బార్లీ పండే పొలాల్లో పండుతాయి, అవే యంత్రాల్లో శుభ్రమవుతాయి. గ్లూటెన్ ఫ్రీ అని ప్రత్యేకంగా ధృవీకరించినవే తినాలి, అది కూడా జబ్బు కుదురుకున్నాక. ఓట్స్‌తో ఆగలేదు, కొర్రల పిండి ప్యాకెట్ కూడా గోధుమ ఆడే యూనిట్‌లోదే, వెనక చిన్న అక్షరాల్లో రాసుంది. సహజంగా గ్లూటెన్ లేని గింజలు కదా అని నమ్మేస్తాం, 2010లో అమెరికాలో అలాంటి 22 రకాల గింజలు, పిండ్లు కొని చూస్తే ఏడింట్లో 20 పీపీఎం దాటింది. అవి రెండూ ఆపిన నాలుగు నెలలకి టీటీజీ 8.

మళ్ళీ బయాప్సీ ఇప్పుడే చేయట్లేదు. పెద్దవాళ్ళలో పేగు మానడం నెమ్మది, అమెరికాలో ఒక స్టడీలో రెండేళ్ళకి మూడో వంతు మందికే, ఐదేళ్ళకి మూడింట రెండొంతుల మందికి మానింది, కాబట్టి రెండేళ్ళ తర్వాత చూద్దామన్నది ప్లాన్. సీలియాక్‌లో ప్లీహం పనితీరు తగ్గుతుంది కాబట్టి న్యూమోకోకల్ టీకా వేయించారు. మందు ఏమన్నా వస్తుందా అని ప్రతిసారీ అడుగుతారు. ట్రాన్స్‌గ్లుటమినేజ్‌ని ఆపే జెడ్ఈడీ1227 అనే మాత్ర 2021లో రెండో దశ ట్రయల్‌లో రోజుకి 3 గ్రాముల గ్లూటెన్ తింటున్నవాళ్ళలో పేగు దెబ్బని తగ్గించగలిగింది, పేగు గోడని బిగించాల్సిన లారజోటైడ్ మూడో దశలో 2022లో ఆగిపోయింది. పేషెంట్లకి నేను చెప్పేది, ఇవి వచ్చినా పొరపాటున తగిలే గ్లూటెన్‌కి అడ్డుగా ఉంటాయేమో గానీ గోధుమ మళ్ళీ తినడానికి లైసెన్స్ అవుతాయని ఇప్పట్లో అనుకోవద్దని.

కుటుంబంలో తల్లికి, తండ్రికి, తమ్ముడికి రక్తపరీక్ష చేయించాం. తల్లిదండ్రులిద్దరికీ నెగటివ్, ఈవిడకి చెరో కాపీ ఇచ్చినవాళ్ళే ఐనా. తమ్ముడు 29 ఏళ్ళు, ఏ ఇబ్బందీ లేదు, "అక్క గొడవ పెడితే వచ్చాను" అన్నారు, టీటీజీ 52. వెంటనే గోధుమలు మానేస్తానన్నారు, ఎండోస్కోపీ అయ్యేదాకా రోజూ తినమని చెప్పి పంపాం, ఈసారి వరస తప్పలేదు. బయాప్సీ మార్ష్ 3ఎ, ఎముకల స్కాన్ అక్క కన్నా అధ్వాన్నంగా టీ-స్కోర్ మైనస్ 2.3. లక్షణాలేమీ లేని మనిషిని జీవితాంతం డైట్ మీద ఉంచడం ఎందుకని అడిగేవాళ్ళకి నేను ఇలాంటి స్కాన్ చూపిస్తాను. పాపకి ఏడో నెలలో గోధుమ మొదలైంది, ఇప్పుడు రోజూ కొద్దిగా తింటోంది, ఎదుగుదల చార్టులో తన గీత మీద తను పోతోంది. రెండేళ్ళు నిండాక మొదటి టీటీజీ, మొత్తం ఐజీఏతో కలిపి, నెగటివ్ వచ్చినా రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ, బరువు ఆగినా రక్తం తగ్గినా ఆ లోపే.